చేర్చుకోవడానికి మీరెవరు?

మమ్మల్ని చేర్చుకుంటారంట! కంపెనీల్లో, బ్యాంకుల్లో, పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఈ పదేళ్లుగా ఎక్కడ విన్నా ఇదే పాట. డైవర్సిటీ, ఇంక్లూజన్. తెలుగులో వైవిధ్యమని రాస్తున్నారు, సమ్మిళితమని రాస్తున్నారు. దానికొక వారోత్సవం, దానికొక బ్యానరు, దానికొక కేకు, కేకు కోస్తూ ఒక ఫొటో.

చేర్చుకోవడం అన్న మాటలోనే నాకు పేచీ ఉంది. ఇల్లుగలవాడు కదా ఇంకొకడ్ని చేర్చుకునేది. అంటే ఇల్లు ఎవరిదో ముందే తేలిపోయిందన్నమాట. ఈ ఇంటి పట్టా మీ పేరున ఎప్పుడు రాశారు? ఎవరు రాశారు? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు రేపోమాపో ఉద్యోగాల్లోకి పొయ్యేవాళ్లు. మీ చేతికీ ఆ కేకు ముక్క ఇస్తారు. తినబోయే ముందు నేను చెప్పేది కాస్త వినండి.

నేను మాదిగ ఆడదాన్ని. ముప్ఫై ఆరేళ్లు ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేసి 2025లో రిటైరయ్యాను. నాకంటే ముందు మాయమ్మ అదే బ్యాంకులో ఊడ్చింది. నా కూతురు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉంది. మూడు తరాల ఆడవాళ్లం మూడు రకాల ఆఫీసులు చూశాం.

1969లో బ్యాంకుల్ని జాతీయం చేశాక చిన్న చిన్న టౌన్లకీ బ్రాంచీలొచ్చాయి. మా టౌనుకీ వచ్చింది. 1976లో మాయమ్మ అందులో స్వీపరుగా చేరింది. బ్యాంకు షట్టరు జనానికి పదింటికి తెరుచుకునేది. మాయమ్మకి తెల్లారగట్ల ఆరున్నరకే తెరిచేవోళ్లు. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, లెడ్జర్ల మీద దుమ్ము దులిపి, కక్కూసులు కడిగి, మేనేజరు కారు దిగేలోపల వెనక గుమ్మంలోంచి బయటపడేది. మళ్లీ సాయంత్రం బ్యాంకు కట్టేశాక ఒక గంట. ఆ ఆఫీసులోకి రోజూ అందరికంటే ముందు అడుగుపెట్టింది మాయమ్మే, అందరికంటే ఆఖర్న బయటికొచ్చిందీ మాయమ్మే. ఇంతకంటే ఇంక్లూజన్ ఎక్కడన్నా ఉంటదా?

జీతం మూడో వంతు. బయటివాళ్లకి ఇది తెలవదు గనక చెబుతున్నా. బ్యాంకుల్లో పార్ట్‌టైం స్వీపర్లకి గంటల లెక్కన స్కేలు కట్టేవోళ్లు. వారానికి ఆరు గంటలు దాటి పదమూడు గంటల లోపయితే మూడో వంతు, ఆ పైన సగం, ఇంకా పైన ముప్పావు. మాయమ్మ చేసేది వారానికి ఇరవై ఏడు గంటలు. ముప్పావు జీతం రావాల. రిజిస్టర్లో పన్నెండు గంటలని రాశారు. మాయమ్మకి గడియారం చూడ్డం రాదు. రిజిస్టరు చూసే హక్కు అంతకన్నా లేదు. "వాళ్లు రాసుకున్నదే టైము అమ్మే, మనం చేసుకున్నది పని" అనేది.

ఇంకొక సంగతి. అన్నీ కడిగిన మాయమ్మని నీళ్ల కుండ దగ్గరికి మాత్రం రానిచ్చేవోళ్లు కాదు. కుండలో నీళ్లు పొయ్యటానికి అటెండరు వేరే ఉండేవాడు. మాయమ్మకి దాహమైతే దోసిలి పట్టేది, అతను పైనించి పోసేవాడు. ఇది జాతీయం చేసిన బ్యాంకు! దేశం సొత్తు! 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగువులో మా మాదిగలు ఆరుగుర్ని నరికి చంపి, మిగిలినోళ్లు చీరాలకి పరిగెత్తుకొచ్చినప్పుడు నేను అక్కడే డిగ్రీ చదువుతున్నా. శిబిరంలో అన్నాలు వడ్డించాను. నీళ్ల గొడవ పల్లెల్లోనే ఉంటదనీ, ఆఫీసుల్లో ఉండదనీ ఎవరన్నా అంటే నాకు ఆ దోసిలి గుర్తుకొస్తది.

1989లో నేను బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాసి క్లర్కుగా చేరాను. చేరిన రోజు హెడ్ క్లర్కు కళ్లజోడు పైకి జరిపి అడిగాడు. "మీరెవరమ్మా?"

"కొత్తగా వచ్చిన క్లర్కునండీ" అన్నాను.

"అది తెలుస్తానే ఉంది. మీరెవరని."

"ఫలానా వాళ్ల అమ్మాయినండీ."

"ఇంటిపేరేంటి?"

చెప్పాను. తేలలేదు. ఏ ఊరన్నాడు, ఏ బజారన్నాడు, మీ నాన్నగారు ఏం చేస్తారన్నాడు. చెప్పులు కుడతాడన్నాను. "ఓహో, కోటానా" అని ఫైల్లోకి తలవంచాడు. తెలుగు దేశంలో "మీరెవరు", "మీరేవిట్లు" అన్న ప్రశ్నకి అర్థం ఏంటో మీకందరికీ తెలుసు. ఈ రెండు మాటల కిందా ఎంతమంది నలిగారో లెక్క రాసిన వాడు లేడు.

అర్హత ఒకటే, పరీక్ష ఒకటే, జీతం ఒకటే. కానీ నన్ను ఇన్‌వర్డ్‌లో కూర్చోబెట్టారు. ఉత్తరాలు చించడం, నంబర్లు వెయ్యడం. నాతోపాటు చేరిన ఇంకో అమ్మాయికి రెండో నెలలోనే క్యాషిచ్చారు. నాకు ఐదేళ్లు పట్టింది. "నీకెందుకమ్మా రిస్కు" అనేవోళ్లు. దొంగని అనరు, రిస్కు అంటారు. మధ్యాహ్నం ఐదు క్యారియర్లు ఒకచోట కలిపి తినేవోళ్లు. నేను రికార్డు రూములో పాత ఓచర్ల మూటల మధ్య తినేదాన్ని. దసరాకి ఆయుధ పూజ. టైపు మిషనుకి బొట్టు, ఇనప్పెట్టెకి బొట్టు, ఆఖరికి స్టాప్లరుకి కూడా బొట్టు. చీపురుకి లేదు. చీపురు ఆయుధం కాదంట.

1990లో మాయమ్మ గంటల లెక్క నేనే కట్టి అర్జీ రాశాను. యూనియను దగ్గరికి తీసుకెళ్లాను. ఎర్రజెండా యూనియనే. "పార్ట్‌టైం వాళ్ల సమస్య వేరు కామ్రేడ్, అది తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడొస్తదో వాళ్ల గ్రంథాల్లో రాసి లేదు. ఏడేళ్లు అర్జీ మీద అర్జీ పెడితే 1997లో సగం జీతం చేశారు. వెనకటి బకాయి పైసా ఇవ్వలేదు.

అయినా ఆ కుర్చీలోకి నేను రాగలిగానంటే అది ఎవరి దయా కాదు. 1917లో అంబేడ్కర్ అంత చదువు చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వస్తే ఆ ఊళ్లో ఆయనకి అద్దె గది దొరకలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. అదే మనిషి వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడయ్యాక, 1943లో షెడ్యూల్డ్ కులాలకి కేంద్ర ఉద్యోగాల్లో ఎనిమిదిన్నర శాతానికి కాస్త తక్కువగా వాటా మొదటిసారి రాయించుకున్నాడు. నన్ను చేర్చుకోండని బతిమాలలేదు. తర్వాత రాజ్యాంగంలో 16వ అధికరణం వచ్చింది. రోస్టరు రిజిస్టరు వచ్చింది. ఫలానా నంబరు పాయింటు ఎస్సీది అని అందులో రాసి ఉంటది. మేనేజరుకి నా ముఖం నచ్చినా నచ్చకపోయినా ఆ గడి నాది. ఆ గడి ఎంత గట్టిదో ముప్ఫై ఆరేళ్లు అందులో నిలబడ్డ నాకు తెలుసు.

దానికీ తూట్లు పొడిచారు. ఆఫీసరయ్యాక ఒక స్కేలు నించి ఇంకో స్కేలుకి పొయ్యే ప్రమోషన్లలో మాకు రిజర్వేషన్ ఉండాలని 2015 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మా ఎస్సీ ఎస్టీ సంఘం వాళ్లం స్వీట్లు పంచుకున్నాం. ఏడాది తిరిగింది. 2016 జనవరిలో అదే కోర్టు పొరపాటు జరిగిందని ఆ తీర్పుని వెనక్కి తీసుకుంది. పై స్కేళ్ల గదుల్లో మా వాళ్లని చెయ్యి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంతకన్నా పెద్ద దెబ్బ చప్పుడు లేకుండా పడింది. మాయమ్మ 2004లో రిటైరయ్యింది. ఆమె పోస్టులో ఎవర్నీ వెయ్యలేదు. ఊడ్చే పనిని ఏజెన్సీకి ఇచ్చారు. పోస్టు ఉంటేనే రోస్టరు. పోస్టే లేకపోతే రోస్టరు దేనికి తగిలిస్తారు? కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన అందులో పనిచేసే వాళ్లని పర్మినెంటు చెయ్యాలని లేదని 2001లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇక అడ్డేముంది? బ్యాంకులు, రైళ్లు, ఆస్పత్రులు, యూనివర్సిటీలు అన్నీ ఊడ్పుని బయటికిచ్చేశాయి. మాయమ్మ తర్వాత ఆ బ్రాంచి ఊడ్చింది మా గూడెం పిల్లే. ఆ పిల్లకి స్కేలు లేదు. మూడో వంతు కూడా లేదు. పనిలో రిజర్వేషన్ పోయింది గానీ చీపురు మాత్రం మా గూడేనికే ఉంచారు. మురుగు కాలవలూ సెప్టిక్ ట్యాంకులూ శుభ్రం చేసే 38,000 మంది వివరాలు కేంద్ర ప్రభుత్వం సేకరించి 2024లో బయటపెట్టింది. అందులో నూటికి 69 మంది దాకా ఎస్సీలే. అక్కడ వైవిధ్యం కావాలని ఏ బ్యానరూ అడగదు. అక్కడికి మీ పిల్లల్ని కూడా చేర్చుకోండని ఎవరూ వారోత్సవం జరపరు.

ఇప్పుడు నా కూతురి కంపెనీ సంగతి. అద్దాల మేడ. వైవిధ్యం వారంలో ఒక ఫారం నింపమన్నారు. ఆడా మగా అని ఒక గడి, ట్రాన్స్‌జెండర్‌కి గడి, వికలాంగులకి గడి, మాతృభాషకి గడి. మంచిదే. ఆ గడులన్నీ కావాల్సినవే. ఆ మనుషులంతా నా వాళ్లే. కులానికి గడి లేదు. మా పాప అడిగింది. "కులం అడగటం వివక్ష కిందికి వస్తది, మన కంపెనీలో కులం లేదు" అని హెచ్చార్ వాళ్లు జవాబిచ్చారు. చేరిన మొదటి వారంలోనే క్యాంటీన్లో పక్క సీటు తెలుగబ్బాయి "మీరేవిట్లు?" అని అడిగిన సంగతి వాళ్లకి తెలవదు కాబోలు. అద్దె ఇంటి కోసం తిరిగితే ఇంటావిడ అడిగింది. హెచ్చార్ వాళ్లు తప్ప అందరూ అడుగుతున్నారు!

నేను ఆ ఫారం తీసుకుని చూశాను. ముప్ఫై ఆరేళ్లు సర్క్యులర్లు చదివిన కళ్లు కదా, నాకొకటి కనపడింది. మాతృభాష గడి తప్పిస్తే, అందులో ప్రతి గడి వెనకా ఒక చట్టం ఉంది. 2013లో పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల చట్టం వచ్చింది. పది మంది పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలంది. ఉంది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం రాసి పెట్టాలంది. రాశారు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకి పెంచారు. ఇస్తున్నారు. 2019లో ట్రాన్స్‌జెండర్ల చట్టం వచ్చింది. గడి వచ్చింది. చట్టం మెడ మీద కూర్చున్న చోట మంచితనం పుట్టుకొచ్చింది. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగమిచ్చే దగ్గర, ప్రమోషనిచ్చే దగ్గర కులం చూడొద్దని గద్దించే చట్టం లేదు. గడీ లేదు.

అట్రాసిటీ చట్టం ఉంది కదా అంటారు. నలుగురి ముందు కులం పేరుతో తిడితే అది పనికొస్తది. ప్రమోషన్ ఆపేవాడు కులం పేరెత్తుతాడా? "కమ్యూనికేషన్ బాగోలేదు" అంటాడు. "టీములో కలవట్లేదు" అంటాడు. నన్ను రిస్కన్నారు, నా కూతుర్ని కలవట్లేదంటున్నారు.

ఆ మేడలో నీలం యూనిఫారాలేసుకుని హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ఉంటారు. వాళ్లకి వేరే లిఫ్టు. సామాన్లు ఎక్కించే లిఫ్టు. మా పాప ఒకామెని "ఏ ఊరక్కా" అని అడిగి మాట కలిపితే టీం లీడరు పిలిచి, వాళ్ల పనికి అడ్డం పడొద్దన్నాడు. కంపెనీ అచ్చేసిన పుస్తకంలో ఆడవాళ్లు ఇంత శాతమని రంగుల బొమ్మ వేశారు. ఆ లెక్కలో ఈ ఆడవాళ్లు లేరు. వాళ్లు ఏజెన్సీ వాళ్లంట. కంపెనీ కక్కూసు కడుగుతారు గానీ కంపెనీ మనుషులు కారంట. మాయమ్మ మూడో వంతన్నా మనిషి. వీళ్లు లెక్కకి సున్నా.

మెరిట్ అంటారు. సరే, మెరిట్ సంగతే చూద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ఒక పరిశోధన అచ్చేశారు. పేపర్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి ఒకే చదువు, ఒకే అర్హతలున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేరొక్కటే. పెద్దకులం పేరుకి పిలుపొచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకి మూడింట రెండొంతులే వచ్చింది. ఇంకా మనిషిని చూడలేదు, ఇంటర్వ్యూ కాలేదు, ఇంగ్లీషు వినలేదు. మెరిట్ ఎక్కడ కొలిచారు? ఇంటిపేరులో. 2012లో ఇంకొక పరిశోధన వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల కులాలు తీసింది. నూటికి తొంభై మందికి పైగా పైకులాల వాళ్లు. ఎస్సీ ఎస్టీలు కలిపి మూడున్నర. ఇది ఏ రాజ్యాంగంలోనూ రాయని రిజర్వేషన్. ఈ కోటా వాళ్లని చూసి ఎవరూ ఓహో అనరు.

2006లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట లేచినప్పుడు పారిశ్రామికవేత్తల సంఘాలు చట్టం వద్దన్నాయి, మేమే స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. ఆ స్వచ్ఛందం ఎక్కడిదాకా వచ్చిందో కులం గడి లేని ఆ ఫారమే చెబుతుంది. అదే పైకులాల్లో పేదలకి పది శాతం ఇవ్వాలనుకున్నప్పుడు చూడండి. 2019 జనవరి 8న లోక్‌సభ, 9న రాజ్యసభ. రెండు రోజుల్లో రాజ్యాంగ సవరణ అయిపోయింది. ఆ రెండు రోజులూ మెరిట్ ఎక్కడ పడుకుందో!

ఈ డైవర్సిటీ అనే మాట పుట్టుక కూడా తెలుసుకోవాల. అమెరికాలో నల్లవాళ్లు నెత్తురు ధారపోసి హక్కులు తెచ్చుకున్నాక, కాలిఫోర్నియాలో ఒక మెడికల్ కాలేజీ నూటికి 16 సీట్లు వెనకబడేసిన జాతులకి పక్కన పెట్టింది. బాకీ అనే తెల్ల కుర్రాడు కోర్టుకెళ్లాడు. 1978లో వాళ్ల సుప్రీంకోర్టు కోటా చెల్లదంది. అయితే రకరకాల వాళ్లుంటే క్లాసు బాగుంటది గనక జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చంది. చూశారా తిరకాసు? బానిసత్వం చేయించుకున్నందుకు తీర్చాల్సిన బాకీ కాస్తా పోయి, తెల్లపిల్లల చదువుకి అలంకారమయింది. అప్పు తీర్చమంటే తోరణంలో ఆకుగా కడతామన్నారు. 2023 జూన్‌లో ఆ ఆకు కూడా కోర్టే తెంపింది. 2025 జనవరిలో కొత్త అధ్యక్షుడు సంతకాలు పెట్టాడు. ప్రభుత్వంలో డైవర్సిటీ ఆఫీసులు మూసేశారు. నిన్నటిదాకా బ్యానర్లు కట్టిన పెద్ద కంపెనీలు చాలా వరకు తామే విప్పేసుకున్నాయి. మనవాళ్లు ఆ మాటని దిగుమతి చేసుకుని ఇక్కడ కేకులు కోస్తున్నారు.

మన తెలుగు వాళ్లు అక్కడికి వేలకి వేలుగా పోయారు, సూటుకేసులో కులాన్ని సర్దుకుని పోయారు. దళిత ఇంజనీరుని కులం పేరుతో వేధించారని కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ 2020లో సిస్కో కంపెనీ మీద దావా వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ బిల్లు చేస్తే గవర్నరు సంతకం పెట్టలేదు. ఆ బిల్లు వద్దని గట్టిగా గొంతెత్తిన వాళ్లలో మన దేశం నించి పోయిన వాళ్లే ఉన్నారు. అక్కడ రంగు దగ్గర మేమూ మైనారిటీలమే అంటారు. కులం దగ్గరికొచ్చేసరికి మాలో కులం లేదంటారు.

మనలో కొందరు చదువుకున్న పిల్లలు నన్నడుగుతారు, "పోన్లే అమ్మా, ఏదో ఒక మాటన్నా మాట్లాడుతున్నారు కదా, ఎందుకు కాదనాల" అని. మాట్లాడనీయండి. కానీ వాటా గురించి మాట్లాడమనండి. వాటా అంటే మా ఇంట్లోనూ వాటానే. 1994లో దండోరా మోగింది అందుకే. ముప్ఫై ఏళ్లు కొట్లాడితే 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందంది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ చేశాయి. రెల్లి వాళ్లకి, మాదిగలకి, మాలలకి ఎవరి లెక్క వాళ్లకి కాయితం మీద పడింది. అన్నదమ్ముల మధ్యనే లెక్క కావాల్సొచ్చినప్పుడు అద్దాల మేడల వాళ్ల దగ్గర లెక్క లేకుండా ప్రేమ ఒక్కటే చాలంటే ఎట్లా?

మా పాపా, ఇంకో నలుగురూ కలిసి వాళ్ల కంపెనీకి ఉత్తరం రాశారు. మూడే అడిగారు. ఇష్టమున్న వాళ్లు రాసేటట్టు ఫారంలో కులం గడి పెట్టండి, దాన్ని గోప్యంగా ఉంచండి. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లని కూడా మీ లెక్కలో చూపించండి, ఏ కులాల వాళ్లో కూడా చూపించండి. వేధింపుల మీద ఫిర్యాదులు తీసుకునే చోట కులం అన్న మాట రాయండి. మీ అభిప్రాయాలకి విలువిస్తామని ఒక లైను జవాబొచ్చింది. రెండో ఉత్తరం పంపారు. ఈసారి కింద పదకొండు సంతకాలున్నాయి. వాటిల్లో రెండు హౌస్‌కీపింగ్ ఆడవాళ్లవి. వారం తిరక్కుండానే ఏజెన్సీ వాడు ఆ ఇద్దర్నీ ఊరవతల ఇంకో బిల్డింగుకి మార్చాడు. రెండు బస్సులు మారి పోవాల. ఆ మార్పు రద్దు చెయ్యాలని మూడో ఉత్తరం తయారవుతోంది. గంటల లెక్కా, బస్సు చార్జీల లెక్కా నేను కడుతున్నాను.